కల్నల్ ముక్కు మీద పచ్చసొన

అమ్మమ్మ అప్పటికే కత్తి నూరుతోంది.

మెల్విన్ మామయ్య చేతిలో కల్నల్ తలకిందులుగా వేలాడుతున్నాడు. మోకా పట్టణంలో ఆ ఇంటి చిన్న పెరట్లో ఉన్న ఒకే ఒక్క పుంజు వాడు. వాడి ముక్కు మీద పచ్చసొన. గూట్లో పగిలిన గుడ్డు. వారం నుంచి రోజూ ఇదే తంతు.

"దొంగ సొత్తుతో సహా దొరికాడు," అన్నాడు మామయ్య. "అసలు మనకి పుంజెందుకమ్మా? గుడ్లకి పెట్టలు చాలు. వీడు మేయడం, అరవడం, పక్కింటి ఫౌస్టో చేత మనల్ని తిట్టించడం. అంతేగా! సాంకోచో పులుసులో పడితే రుచైనా వస్తుంది."

పొయ్యి మీద పెద్ద కుండలో కర్రపెండలం, అరటికాయలు ఉడుకుతున్నాయి. మాంసమే తక్కువ.

"ఆగండి!" యారిబెల్ వీధిలో ఆట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కల్నల్‌ని చెప్పుల డబ్బాలో పెట్టి పెంచింది ఆ పిల్లే. "వాడు కాదు!"

"ముక్కు మీద సొన కనిపిస్తుంటే కాదంటావేమే?" అంది అమ్మమ్మ.

"పురుగు దొరికినా వాడు ముందు పెట్టల్నే పిలుస్తాడమ్మమ్మా. గుడ్డు ఎవరో పగలగొట్టాక ముక్కు పెట్టుంటాడు. రేపటిదాకా టైమివ్వు. దొంగని నేను పట్టిస్తా."

"అబ్బో, ఇన్‌స్పెక్టరమ్మ!" అన్నాడు మామయ్య.

అమ్మమ్మ కత్తి పక్కన పెట్టింది. "రేపటిదాకా. నీ మొహం చూసి కాదు. ముంగిస వస్తే ముందు అరిచేది వాడే కాబట్టి."

మర్నాడు పొద్దున్నే యారిబెల్ కల్నల్‌ని పెద్ద బుట్ట కింద మూసి, పైన రాయి పెట్టింది. తను నీళ్ల డ్రమ్ము వెనక నక్కింది. కాలి కింద ఏదో పటుక్కుమంది. గుడ్డు పెంకు. పక్కకి నెట్టేసింది.

చుక్కల పెట్ట పింటా గూడెక్కింది. అందరికంటే ఎక్కువ గుడ్లు పెట్టేది అదే. పెట్టింది. లేచింది. వెనక్కి తిరిగింది.

టక్! సొంత గుడ్డునే పొడిచింది.

"దొరికింది!"

అరుపు విని అమ్మమ్మా, మామయ్యా బయటికొచ్చారు. మామయ్య బుట్ట ఎత్తాడు. కల్నల్ ప్రమోషన్ వచ్చినట్టు రెక్కలు విదిలించి నడిచాడు.

"సరే, నువ్వే గెలిచావు," అంటూ మామయ్య పింటాని కాళ్లు పట్టుకుని ఎత్తాడు. "అయితే కుండలోకి ఇది."

యారిబెల్ నవ్వు ఆగిపోయింది.

అమ్మమ్మ మాత్రం నుదురు ముడిచింది. "దీనికి ఈ అలవాటు ఎలా వచ్చింది? గుడ్డులో తిండి ఉంటుందని కోడికి ఎవరో ఒకరు నేర్పాలి. పెంకులు అలాగే పడేస్తే నేర్చుకుంటాయి. అందుకే కదా, కాల్చి పొడి చేసి మేతలో కలిపి వెయ్యమనేది!"

"ఫౌస్టో గోడ మీంచి విసిరుంటాడు," అన్నాడు మామయ్య. "మన కోళ్లంటే పడదుగా."

"ఆ ముసలాడి సంగతి ఇప్పుడే తేలుస్తా!" అమ్మమ్మ చరచరా ఏప్రన్ విప్పేసి పెరటి గుమ్మం వైపు కదిలింది.

యారిబెల్ డ్రమ్ము వైపు చూసింది. పెంకులు పొడి చేయడం ఈ ఇంట్లో ఎవరి పనో తనకి తెలుసు. వీధిలో పిల్లలు చీపురుకర్రతో బాటిల్ మూతలు కొడుతూ పిలుస్తుంటే, ఎవరు పెంకుల్ని అలాగే విసిరేసి పరుగెత్తారో కూడా తెలుసు. మాట్లాడకపోతే చాలు, ఎవరికీ తెలియదు.

పింటా తలకిందులుగా ఆమెనే చూస్తోంది. నిన్న కల్నల్ చూసినట్టే.

యారిబెల్ వంటింట్లోకి పరుగెత్తి చెక్క రోలు, రోకలి తెచ్చింది. డ్రమ్ము వెనక పెంకులన్నీ ఏరి రోట్లో వేసింది. దాన్ని గుమ్మంలో అమ్మమ్మకి అడ్డంగా పెట్టింది.

"పింటాని దించు మామయ్యా. దాని అలవాటు నేను మాన్పిస్తా. ఫౌస్టో తాతయ్య దగ్గరికి వెళ్లక్కర్లేదు అమ్మమ్మా."

"ఏం? దొంగ దొరికాడా?"

"దొరికింది," అంది ఆ పిల్ల రోకలి ఎత్తి. "దాని పేరు యారిబెల్."