తోడుపలుకు వచ్చిన లోయ

2091 నాటికి ఒంటరితనం మశూచిలాగే పాతకాలపు జబ్బుల్లో చేరిపోయింది. ప్రతి ఇంట్లోనూ ఒక తోడుపలుకు ఉండేది. అరచేతిలో ఇమిడే ఆ కృత్రిమ మేధాయంత్రం మనిషి గొంతులోని వణుకునూ, ఊపిరి వేగాన్నీ పసిగట్టి, ఆ క్షణాన వినాలనిపించే మాటే పలికేది. ఎదురింట్లో ఎవరుంటున్నారో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ ఇందుమతికి మాత్రం ఇంట్లో ఏదో వెలితిగానే ఉండేది. ఏ యంత్రాన్నైనా ఊళ్లోకి రానిచ్చే ముందు, ఇది మనల్ని కలుపుతుందా విడదీస్తుందా అని తర్కించుకునే ఆమిష్ అనే క్రైస్తవ సంఘం మనుషులు అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక లోయలో ఇంకా గుర్రపుబళ్ల మీదే తిరుగుతున్నారని విని, హైదరాబాద్ నుంచి బయలుదేరింది.

వెళ్లిన వారంలోనే అక్కడ ఒకరి పశువుల కొట్టం కాలిపోయింది. తెల్లారేసరికి ఊరంతా దూలాలు మోసుకొచ్చి కొత్తది లేపేందుకు దిగింది. ఇందుమతికి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇక్కడ పుట్టినవాళ్లు అదృష్టవంతులు," అంది, ఊరి చివర ఒక్కడే ఉండే ముసలి వడ్రంగి ఏమోస్‌తో.

"ఇక్కడి కట్టుబాటని ఎనిమిదో తరగతితో చదువు ఆపేయడం అదృష్టమా? లెక్కల మీద ఆశతో నేను పట్నం పోయాను. వయసు మళ్లాక తిరిగొస్తే, ఊరొదిలి పోవడం నా తప్పేనని సంఘం ముందు ఒప్పుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పట్నించీ నాతో ఒక బల్ల దగ్గర ఎవరూ భోంచేయరు."

"మరి ఇక్కడే ఎందుకుంటున్నారు?"

"పట్నంలో నేనున్నానో పోయానో ఎవరికీ పట్టదు. ఇక్కడ నన్ను వెలివేయడానికైనా నేనంటూ ఉండాలి కదా!"

రోజూ అతని చెల్లెలు హన్నా సూపు తెచ్చి వసారాలో పెట్టేది. అన్న తినేదాకా మొహం అటు తిప్పుకుని నిలబడేది.

ఆ దృశ్యం చూడలేక ఇందుమతి, ఏమోస్‌కి ఒక తోడుపలుకు ఇస్తానని సంఘపెద్ద మోజెస్‌ని అడిగింది. కుదరదంటారనే అనుకుంది. పెద్దలు చాలాసేపు వాదించుకుని ఒప్పుకున్నారు.

"అది సంఘంలో మనిషి కాదు కాబట్టి అతని బల్ల దగ్గర కూర్చోవచ్చు," అన్నాడు మోజెస్.

శీతాకాలం గడిచాక ఆమె మళ్లీ వచ్చింది. ఏమోస్ బాగా చిక్కిపోయాడు.

"దీన్ని తీసుకుపోండి," అన్నాడు.

"సరిగ్గా మాట్లాడటం లేదా?"

"లెక్కల గురించి ఎంత చక్కగా మాట్లాడుతుందో! నవ్విస్తుంది కూడా. అన్నకి తోడుందిగా అని హన్నా రావడం మానేసింది. మొహం తిప్పుకోవడానికైనా ఇదివరకు వచ్చేది."

"ఏమోస్, మీకు బాధగా ఉందని తెలుస్తోంది," అంది యంత్రం మెత్తగా.

"విన్నారా? నా బాధ దీనికి తెలుస్తోంది. ఇక వాళ్లు తెలుసుకోనక్కర్లేదు."

ఇందుమతి దాని నోరు నొక్కేసి, సంచిలో వేసుకుని బయటికి వచ్చింది. దారిలో మోజెస్ టోపీ చేత పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"అమ్మా, ఇలాంటివి ఇంకొన్ని ఇప్పించగలరా? మంచాన పడ్డవాళ్లున్నారు, మొగుళ్లు పోయినవాళ్లున్నారు."

"ఇది మిమ్మల్ని విడదీస్తుందని అనిపించలేదా?"

ఆయన తలదించుకున్నాడు. "అనిపించింది. కానీ మాకెంత తెరిపిగా ఉందో మీకు తెలీదు."

ఇందుమతి జీవితంలో మొదటిసారి తన యంత్రం గురించి అబద్ధమాడింది.

"ఇది చెడిపోయింది. అన్నీ ఇలాగే చెడిపోతాయి. ఇక ఎవరికీ ఇవ్వలేను."

మోజెస్ నిట్టూర్చి, బరువుగా టోపీ పెట్టుకున్నాడు.

"అయితే హన్నా మళ్లీ వెళ్లాలన్నమాట," అన్నాడు.