కోడలి నోట కొడుకు పేరు

"గా రెండు దీపాలు చూసి మీదికెల్లి ఎవడన్న బాంబేస్తె ఎట్లనే లీలా? ఊరంత చీకటి చేసుకొని కూసుంటున్నరు. మనింట్లనే దీపాలంటవు!"

హనుమవ్వ గుండె ఎప్పుడూ గొంతులోనే ఉంటుంది. ఈ సెప్టెంబరులో మరీను. సరిహద్దులో యుద్ధం. బీదర్‌లో విమానాల స్టేషన్ ఉంది కనుక పొద్దుగూకితే బ్లాకౌట్.

"కిటికీకి గొంగడి కట్టిన అత్తమ్మా. నీ కొడుకుతోని మొలలు గూడ కొట్టిచ్చిన," అంది కోడలు. "శుక్రవారం కద, దీపం లేకుంటె ఎట్ల? ఇయ్యాల మాత్రం నువ్వే ముట్టియ్యాలె. నేను డాక్ బంగ్లకు పోతున్న."

హనుమవ్వ తలెత్తి చూసింది. పట్టుచీర. పెదాలకు ఎర్రరంగు. నలభై దాటినా కళ్ళు తిప్పుకోలేని మనిషి. డాక్ బంగ్లాలో ఉండేది పంపుసెట్ల ఇంజనీరు గాస్పార్, తెల్లదొర.

"గా దొర కాడికా? గీ యాళప్పుడా?"

కోడలు రిక్షా ఎక్కింది. వాడకట్టులో ఎవరన్నా చూశారేమోనని హనుమవ్వ అటూ ఇటూ చూసింది.

ఆ కోడలి అసలు పేరు మిరియం. ఫ్రాన్సు దేశపు యూదుల పిల్ల. జర్మన్లు ఆ దేశాన్ని ఆక్రమించుకున్నప్పుడు తమ్ముడితో కలిసి ఒక రైతు ఇంటి అటక మీద దాక్కుంది. ఒకరోజు కింది నుంచి అచ్చం వాళ్ళమ్మ గొంతుతో ఎవరో పేర్లు పెట్టి పిలిచారు. చిన్నవాడు దానియేల్ పలికాడు. వాడిని తీసుకుపోయారు. మిరియం గడ్డి వేసే మూలలో గోనెసంచి కింద పడి ఉంది, పలకలేదు, బతికింది. తర్వాత జర్మన్ల ఖైదు నుంచి పారిపోయిన హనుమవ్వ కొడుకు, మిలిటరీ లారీ డ్రైవర్ కాశప్పను కూడా ఆ రైతే అదే అటక ఎక్కించాడు. గట్టిగా మాట్లాడే వీలు లేదు. వాళ్ళ ప్రేమంతా గుసగుసల్లోనే నడిచింది.

ఇప్పటికీ ఎవరు పిలిచినా ఆమె వెంటనే పలకదు. ఆగి వింటుంది. మొదట్లో హనుమవ్వ చెవుడనుకుంది.

కోడలు వచ్చిన కొత్తలో నలుగురిలో "కాశప్పా!" అని మొగుడిని పిలిచింది. ఆ రోజు హనుమవ్వ చేసిన రచ్చకు వాడకట్టంతా గుమిగూడింది. "మొగని పేరు పెట్టి పిలుస్తవా? ఆయుష్షు తగ్గదా వానికి?" అంతే. ఇరవై ఏళ్ళలో మళ్ళీ ఆ పేరు ఆమె నోట రాలేదు.

బయట గాజులవాడి కేక వినిపించింది.

"పచ్చ గాజులున్నయా?" కాశప్ప గ్యారేజీ లోంచి అడిగాడు.

"పచ్చవి పగిలాయి. ఎర్రవి ఉన్నాయి."

కోడ్ సరిపోయింది. గాజుల మలారం దించి లోపలికి వచ్చినవాడు వామన్‌రావు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంటెలిజెన్స్ ఆఫీసర్. జీపులు బాగుచేసుకునే కాశప్ప ఆయన ఏజెంట్. తలుపు చాటున హనుమవ్వ చెవి ఒగ్గింది.

"టార్గెట్ గాస్పార్. ఏడు భాషలు వచ్చు. తెలుగు కూడా చదువుకున్నాడు. ఒక్కసారి వింటే ఎవరి గొంతునైనా దించేస్తాడు. జర్మన్ల కింద దుబాసీ పని చేశాడు. ఇప్పుడు డబ్బిచ్చేవాడిదే వాడి దేశం."

"ప్లాన్?"

"ఏరోడ్రోమ్‌కు వచ్చిన పెట్రోల్ వ్యాగన్లు పేల్చడం. ఈ సాయంత్రమే. బాంబు ఎక్కడ పెట్టాడో తెలియదు. నీ భార్య తెలుసుకుని ఫోన్ చేస్తుంది. తమ్ముడు బతికే ఉన్నాడని, తనకు పని చేస్తే చూపిస్తానని వాడు ఆమెకు ఎర వేశాడు. ఆమె నమ్మినట్టు నటిస్తున్నది. పక్కా డబుల్ ఏజెంట్."

"నటన సగమే సార్," అన్నాడు కాశప్ప నేల చూస్తూ. "సగం నిజంగనే నమ్మింది."

ఆ అటక కింద తల్లి గొంతు ఎవరిదో ఇప్పుడు హనుమవ్వకు తెలిసింది. ఆ పాము దగ్గరికే కోడలు రంగు పూసుకుని వెళ్ళింది. తాను ఎన్ని పాడు ఆలోచనలు చేసింది! రెండు దీపాలూ వెలిగించింది. "మైలార మల్లన్నా, నా కోడలు తిరిగొస్తె నీ గుట్టకు ఒట్టికాళ్ళతోని నడిసొస్త."

ఫోన్ మోగింది.

కాశప్ప, వామన్‌రావు పెరట్లో జీపులో పెట్రోలు పోస్తున్నారు. హనుమవ్వకు ఆ నల్లడబ్బా అంటేనే భయం. రెండు చేతులతో ఎత్తింది.

"అత్తమ్మా, నేను లీలను. కాశప్పకు చెప్పు. బాంబు ఖానాపూర్ కాడ రైలు మోరి కింద ఉన్నది. కాశప్పను జల్ది పొమ్మను."

లైన్ తెగింది.

హనుమవ్వ పరుగెత్తి కబురు చెప్పింది. "ఖానాపూర్!" అంటూ కాశప్ప జీపు స్టార్ట్ చేశాడు. గేటు దాటుతుంటే హనుమవ్వ వెంటపడింది.

"పోతవు గని, దానికేం పుట్టిందిరా? నీ పేరు పెట్టి మాట్లాడింది! ఒక్కపారి గాదు, రెండుపార్లు!"

జీపు కీచుమని ఆగింది.

"అవ్వా, మళ్ళ చెప్పు. నా పేరన్నదా?"

"అన్నది! మొగని పేరు! సిగ్గు లేకుంట!"

కాశప్ప మొహం పాలిపోయింది. "సార్, దాని తలకు పిస్తోలు పెట్టిండ్రు. కబురు అబద్ధం. ఇరువై ఏండ్లల్ల నా పేరు అనలే."

"గాస్పార్ పక్కనే వింటూ ఉంటాడు. వాడికి తెలుగు వచ్చు."

"తెలుగొచ్చు సార్. మా అవ్వ తెల్వదు."

ఖానాపూర్ వైపు తిరిగిన జీపు వ్యాగన్లు నిలిచే రైలు స్టేషన్ వైపు మళ్ళింది. ఇంట్లో ఒక్కతే ఉండలేక హనుమవ్వ వెనక ఎక్కేసింది.

గూడ్స్ ప్లాట్‌ఫారం మీద వ్యాగన్లు నిలిచి ఉన్నాయి. గాలి నిండా పెట్రోల్ వాసన. హనుమవ్వకు ప్రతి మూటా, ప్రతి డబ్బా బాంబులాగే కనిపించింది. వ్యాగన్ల పక్కనే ఒక చెక్కపెట్టె. మీద పంపుసెట్ బొమ్మ.

కాశప్ప పలుగుతో మూత లేపాడు. లోపల పంపు లేదు. గడియారం ఉంది.

"వైరు ఏది?" అడిగాడు వామన్‌రావు.

"మోటరైనా బాంబైనా బ్యాటరీ ఊడదీస్తె సస్తది సార్." కాశప్ప పటకారు లోపలికి దూర్చాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. హనుమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. టక్‌మన్న చప్పుడు. గడియారం ముల్లు వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

"ఇగ నా కోడలు?" అంది హనుమవ్వ.

డాక్ బంగ్లా చీకట్లో మునిగి ఉంది. జీపు దూరంగా ఆపి నడిచారు. వరండా దగ్గరికి రాగానే లోపల ఒక గొంతు వినిపించింది.

"మిరియం, నేనే. కాశప్పను. దొర పారిపోయిండు. బయటికి రా."

కాశప్ప కొయ్యబారిపోయాడు. అది తన గొంతే, జీపు బాగుకు గ్యారేజీకి వచ్చినప్పుడు గాస్పార్ విని పట్టుకున్నది. హాల్లో గాస్పార్ పిస్టల్ పట్టుకుని తల పైకెత్తి పిలుస్తున్నాడు. అంటే ఆమె చేజారింది, దాక్కుంది. వాడికి ఇంకా దొరకలేదు.

కాశప్ప చప్పుడు కాకుండా వాడి వెనక్కి చేరాడు. జాకీ రాడ్‌తో చేతి మీద ఒక్క దెబ్బ. పిస్టల్ ఎగిరిపడింది. వామన్‌రావు వాడి చేతులకు ఇనుప గాజులు తొడిగాడు. "సైజు కుదిరింది," అన్నాడు.

"మిరియం! నేను! నిజంగ నేనే!" కాశప్ప అరిచాడు.

జవాబు లేదు. ఇప్పటిదాకా అదే గొంతు అవే మాటలు చెప్పింది మరి.

"మేడమ్, ఇంటెలిజెన్స్ నుంచి వామన్‌రావును!"

గాస్పార్ నెత్తురు కారే మణికట్టు చూసుకుంటూ నవ్వాడు. "ఆమె పలకదు. ఆ పాఠం నేర్పింది నేనే."

ఏదన్నా తగిలి పడిపోయిందేమో, నెత్తురు పోతోందేమో. హనుమవ్వ మనసు వంద చావులు చూసింది. భయం నెత్తికెక్కి కోపమైంది. హాలు నడుమ నిలబడి రెండు చేతులూ నడుముకు పెట్టింది.

"ఏమే! ఫోన్ల మొగని పేరు పెట్టి పిలుస్తవా? గిదేనా నేను నేర్పింది? వాని ఆయుష్షు ఏం గావాలె? దిగు కిందికి! ఇంటికి రా, నీ పని చెప్త!"

గాస్పార్ నవ్వు ఆగింది.

అప్పుడు పైన సీలింగ్ చెక్క ఒకటి కిర్రుమంది. దుమ్ము రాలింది. సన్నటి గొంతు దిగివచ్చింది.

"తప్పయింది అత్తమ్మా. ఇంకోపారి బాంబుంటెనే ఆ పేరు అంట."