ఏ పత్రికా రాయని ఓడ

ప్రొఫెసర్ చకలోవ్ పాత పేపర్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడనుకుని, వర్నా రేవు గ్రంథాలయంలో ఆయన్ని గంటన్నరసేపు ఎవరూ కదిలించలేదు. ఆయన రోజూ అలాగే నిద్రపోయేవాడు మరి. చివరికి లైబ్రేరియన్ స్తమెనా పిన్ని వచ్చి భుజం తట్టింది. మెడ మీద సూది గుచ్చినంత మచ్చ కనిపించింది.

ఆయన పోయిన తొమ్మిదో రోజు పొద్దున కేసు గూఢచారి కమెన్ కుర్తెవ్ చేతికి వచ్చింది.

"సూటిగా చెబుతా, విను," అన్నాడు కల్నల్ బాల్తజీయెవ్. "1954లో స్వెత్లిన అనే సరుకు ఓడ మునిగింది. లోపల నలభై సముద్రపు మైన్లు, ఓడ తగిలితే పేలేవి. ఎక్కడ మునిగిందో చెప్పే కాగితాలన్నీ అప్పుడే తగలబెట్టారు. చకలోవ్ ఎవరికీ పట్టని ఓడ ప్రమాదాల మీద పుస్తకం రాస్తూ, పాత పత్రికల్లోంచి ఆ చోటు పట్టేశాడు. అడిగినవాళ్ళకి చెప్పనన్నాడు. చంపేశారు."

"ఎవరు?"

కల్నల్ ఫైలు తిప్పి చూపించాడు. దేశం పేరు మీద నల్ల సిరా పూసి ఉంది. దర్యాప్తు చేసేవాడిక్కూడా చూపించకూడదట, ఏం గోప్యతో ఏమో.

"వాళ్ళ డైవింగ్ పడవ పరిశోధన అని చెప్పుకుని రేవు బయటే కాచుక్కూచుంది. చోటు తెలిస్తే సాయంత్రానికల్లా మైన్లు పైకి తీసి, రేవు నోట్లో పరిచేస్తారు. రేప్పొద్దున మొదటి ఓడ..."

"దానికి ఎదురెళ్ళేది మా తమ్ముడు," అన్నాడు కమెన్.

స్పాస్ రేవు పైలట్. రేపు ఆదివారం, డ్యూటీ అతనిదే. ముందు అతని చిన్న పడవ వెళ్ళాకే ఏ ఓడైనా లోపలికి వస్తుంది.

"అందుకే నిన్ను పిలిచా. వాళ్ళకంటే ముందు నువ్వు కనిపెట్టు. సిల్వెనాని తీసుకెళ్ళు. ఆర్నెల్లుగా చకలోవ్ దగ్గర సహాయకురాలిగా పెట్టాం. మన మనిషే, పుట్టి పెరిగింది వర్నాలోనే."

కమెన్ సరేనన్నాడు. భయం వేయాల్సిన చోట వేయలేదు. భార్య పోయిన ఈ రెండేళ్ళలో అతనికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. తమ్ముడి ప్రాణం మీదికొచ్చినా ఒళ్ళంతా మొద్దుబారినట్టే ఉంది. అందుకు మాత్రం సిగ్గుపడ్డాడు.

రిటైరైన టీచరు వేషం వేసుకున్నాడు. తెల్ల మీసం, చెవిలో వినికిడి మెషీన్. అది మెషీన్ కాదు, కల్నల్‌తో మాట్లాడే రేడియో. సిల్వెనా ఎర్ర కోటు వేసుకుని, ముత్యాల కమ్మలు పెట్టుకొచ్చింది. ఆమె లోపలికి రాగానే చదువుకుంటున్న ముసలాళ్ళందరికీ చదివే లైను తప్పిపోయింది.

ఇద్దరూ 1954 సంపుటాలు ముందేసుకున్నారు. ఒక్కోటి చంటిపిల్లంత బరువు. మొదటి పేజీల్లో ట్రాక్టర్లు, మంత్రుల పర్యటనలు. ఆ రోజుల్లో ఓడలు మునిగేవి కావు, గోధుమలు మాత్రం విరగపండేవి.

"ప్రొఫెసర్ గారు ఏం చూశారో నాకు అంతుపట్టలేదండీ," అంది సిల్వెనా. "ప్రమాదం వార్తే లేదు కదా."

కమెన్ చివరి పేజీ తిప్పాడు. పోయినవాళ్ళ జ్ఞాపక ప్రకటనలు ఆ పేజీలోనే వేస్తారు. నలభయ్యో రోజుకి, ఆర్నెల్లకి, ఏడాదికి. భార్యకి మూడూ అతనే వేయించాడు. మాటలు తోచక మూడింటికీ ఒకే మాటలు ఇచ్చాడు.

డిసెంబరు సంచికలో ఏడు ప్రకటనలు. ఏడుగురూ నావికులు, ఏడుగురూ పోయింది నవంబరు 9నే. ఎలా పోయారో ఒక్కటీ చెప్పలేదు. కింద మాత్రం అందరిదీ ఒకే వాక్యం: శనివారం మూడు రాళ్ళ ఒడ్డున నీళ్ళల్లో పూలు వదులుతాం. సర్కారు దాచింది సరే, ఏడ్చేవాళ్ళు ఎక్కడికెళ్ళి ఏడవాలో పేపర్లో వేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే స్తమెనా పిన్ని ట్రే పట్టుకొచ్చింది. చకలోవ్ తొమ్మిదో రోజని ఉడికించిన గోధుమలు, పైన పంచదార.

"దేవుడు ఆయన్ని క్షమించుగాక," అని కమెన్ గిన్నె అందుకున్నాడు.

"థాంక్స్ పిన్నీ," అంది సిల్వెనా నవ్వుతూ.

పిన్ని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పోయినవాళ్ళ పేరున పెట్టిన గోధుమలకి ఈ ఊళ్ళో ఎవరూ థాంక్స్ చెప్పరు, పసిపిల్లలైనా సరే. ఆర్నెల్లు అన్నీ పకడ్బందీగా నేర్చుకున్న మనిషి ఇక్కడ పప్పులో కాలేసింది. కమెన్ ఏమీ ఎరగనట్టు ఓ చెంచాడు తిన్నాడు.

"ఉప్పు ఎక్కువైంది పిన్నీ," అన్నాడు. మనలోనే ద్రోహి ఉన్నారని కల్నల్‌తో ముందే అనుకున్న సంకేతం అది. చెవిలో కల్నల్ గట్టిగా ఊపిరి తీయడం వినిపించింది.

"ఉప్పెక్కడిది బాబూ, నీ నోరు పాడైంది. నేను వేసింది పంచదార," అని పిన్ని మూతి ముడుచుకుంది.

కమెన్ సంపుటం మూసేశాడు. "దొరికిందమ్మాయ్. నల్ల ముక్కు కొసకి ఎదురుగా, రెండు మైళ్ళ లోపు."

"నల్ల ముక్కు కొస, రెండు మైళ్ళు," అని సిల్వెనా మెల్లగా వల్లించి కుడి కమ్మ సవరించుకుంది.

నలభై నిమిషాలు ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొస వెనక నౌకాదళం పడవలు చల్లగా సర్దుకుంటున్నాయని కమెన్‌కి తెలుసు. ఉన్నట్టుండి కమ్మలో గరగర శబ్దం, పడవని చుట్టుముట్టారంటూ ఎవరివో కేకలు. ఆమె మొహం పాలిపోయింది.

"నాకు అబద్ధం చెప్పారు," అంది.

"నువ్వు ఆయన్ని చంపావు," అన్నాడు కమెన్.

ఆమె చేతిలోని పెన్ను మూత ఊడింది, సూది తళుక్కుమంది. అతని మెడకి అది జానెడు దూరంలో ఉండగా 1954 రెండో సంపుటం దభీమని ఆమె మణికట్టు మీద పడింది.

"ప్రొఫెసరు గారికి నేనే రోజూ కాఫీ ఇచ్చేదాన్ని," అంది స్తమెనా పిన్ని రొప్పుతూ.

మూడు రాళ్ళ పేరు కమెన్ అప్పుడు చెప్పాడు రేడియోలో. తెల్లారేసరికి నౌకాదళం మైన్లన్నీ నీళ్ళలోనే పేల్చేసింది.

ఏడింటికి స్పాస్ ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఏంటా చప్పుళ్ళు? ఓడలన్నీ ఆపేశారు. నేను పడవలో కూచుని గోళ్ళు గిల్లుకుంటున్నా."

"గిల్లుకో."

"గొంతేంటి అలా ఉంది? ఏడుస్తున్నావా?"

కమెన్ చెంప తడుముకున్నాడు. తడిగా ఉంది. "జలుబు చేసింది," అన్నాడు. "ఇంకాసేపు మాట్లాడరా, పెట్టెయ్యకు."

సోమవారం పత్రికలో రెండు ముక్కలు వచ్చాయి. రేవు లోతు చేయడానికి రాళ్ళు పేల్చారని ఒకటి. కూలీలంతా క్షేమమని రెండోది. రెండూ కమెనే రాసిచ్చాడు. ఆ సంచిక మొత్తానికి నిజం చెప్పే ప్రయత్నం చేసింది వాతావరణ సూచన ఒక్కటే, మధ్యాహ్నానికి అదీ తప్పింది.