కాల్షియం లేని నీళ్ళు

నా తెల్ల రక్తకణాలకు చిల్లులు పొడవడానికే జాయిస్ నన్ను పిలిచింది. ఆ సంగతి రక్తం తీశాక గానీ చెప్పలేదు.

ఆమె నందిగామలో కాలేజీ లెక్చరర్, పీహెచ్‌డీ చేస్తోంది. నేను ఎడ్విన్‌ని, జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. పరిశోధనకు రక్తం కావాలంటే నాలుగు మంచి మాటలు వింటానని వెళ్ళాను.

"పొడిచాక బతుకుతాయాండి?" అని అడిగాను.

"బాక్టీరియా విషం కణం పొరకి చిల్లు పెడుతుంది. అందులోంచి కాల్షియం లోపలికొస్తుంది. అదే కణానికి కబురు. వెంటనే రిపేరు మొదలు."

"పగులుకి సిమెంటు పూసినట్టా?"

"కాదండి. కణమే చిల్లుపడ్డ ముక్కని తుంచి బయట పారేస్తుంది. మీకన్నీ సిమెంటేనా?" అని నవ్వింది. ఆ నవ్వుకి నేను చిత్తు.

రక్తం వారం వారం ఇవ్వలేం కదా, వెళ్ళడానికో సాకు కావాలి. వాళ్ళ ల్యాబులో డిస్టిల్డ్ వాటర్‌కి ఇబ్బందని తెలిసి, మా మేనేజరుని బతిమాలి శనివారం శనివారం ఒక క్యాను మోసుకెళ్ళడం మొదలెట్టాను. మూడో శనివారం మా ల్యాబు యంత్రం మొరాయించింది. ఖాళీ చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు. సీసాలు కడుక్కోవడానికేగా అనుకుని ఇంటి బోరు నీళ్ళు పట్టుకెళ్ళాను. మాది సున్నపురాయి నేల, ఆ నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది.

మరుసటి వారం వెళ్ళేసరికి జాయిస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాల్షియం లేని ద్రవంలో వేసిన కణాలు రిపేరు చేసుకోలేక చావాలట. మూడుసార్లు చేసినా బతికే ఉన్నాయట. అంటే రెండేళ్ళ పని తప్పేనని, పీహెచ్‌డీ మానేస్తానని గైడుకి ఉత్తరం కూడా రాసిపెట్టుకుంది. ఆ ద్రవం దేంతో కలిపారని అడిగాను. మీ క్యాను నీళ్ళతోనే అంది.

సున్నపురాయి నీళ్ళ నిండా కాల్షియమే, రోజంతా దాన్నే కొలిచి జీతం తీసుకునేవాణ్ణి నేను. చెబితే ఇక నా మొహం చూడదు. చెప్పకపోతే ఆ ఉత్తరం వెళ్ళిపోతుంది.

"పోయిన వారం తెచ్చినవి మా బోరు నీళ్ళండి."

"ఎందుకు?" అంది.

"నీళ్ళు లేకపోతే మిమ్మల్ని చూడ్డానికి సాకుండదని. మీరంటే ఇష్టమని చెప్పే ధైర్యం లేక."

ఖాళీ క్యాను నా చేతికిచ్చి తలుపు చూపించింది.

రెండు శనివారాలు ఇంట్లోనే కూర్చున్నాను. అంత బాధ ఎప్పుడూ పడలేదు. మూడో శుక్రవారం ఫోనొచ్చింది, రక్తం కావాలని. వెళ్ళాను. పలకరింపు లేదు, సూది మాత్రం మెల్లగా గుచ్చింది. డిస్టిల్డ్ వాటర్ తనే కొనుక్కుంది. బయట వాన పడుతుంటే వరండా బల్లమీద సాయంత్రం దాకా కూర్చున్నాను.

చివరికి లోపలికి పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. కాల్షియం లేనిచోట నా కణాలు దాదాపు అన్నీ చచ్చాయి. ఉన్నచోట చాలామటుకు బతికాయి. సొంత కణాలు చచ్చినందుకు అంత సంతోషించినవాడు మా జిల్లాలో మరొకడు ఉండడు.

గైడుకి రాసిన ఉత్తరం చింపి బుట్టలో పడేసింది. చేతులు తుడుచుకుంటూ, నా వంక చూడకుండా అంది:

"ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి భోజనానికి రా. బోరు నీళ్ళ సంగతి అమ్మకి నువ్వే చెప్పుకో. మిగతాది నేను చెప్పేశా."