మ్యూజియమ్ పాస్‌కి ఇంటిపేరు

మలేసియాలో తెలుక్ ఇంటాన్ నుంచి క్లాంగ్ దాకా ఏ తెలుగు ఇంటి గుమ్మం చూపించినా సరే, ఆ ఇంటిపేరు ఠక్కున చెప్పేస్తాను. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చదివింది ఎస్టేటు బడిలో ఆరో తరగతే గాని, ఈ విద్యలో ఈ తాతబాబుకి సాటి లేరు. అందుకే ఎవరింట పెళ్ళయినా ముందు వరసలో నాకో కుర్చీ వేస్తారు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత పని పడుతుంది.

మా పక్కింటి పైడిరాజు కొడుకు శర్విన్ క్లాంగ్‌లో రంగుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఏడేళ్ళుగా డబ్బాల్లో రంగులు కలుపుతున్నాడు. "ఈ రంగుల్తో గొప్పోళ్ళు ఏటి సేసినారో ఒకసారి సూడాలి తాతా" అని పారిస్ ప్రయాణం పెట్టుకున్నాడు. మ్యూజియమ్ పాస్ కొందామని ఒక శనివారం లిటిల్ ఇండియాలో ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాడు.

అతను లోపల అడుగు పెట్టడం, బయట వాన దంచడం ఒక్కసారే జరిగాయి. అదేం వాన! మోటార్ సైకిళ్ళు పడవల్లా తేలాయి. పూలకొట్టు మల్లెపూలు స్టేషన్ దాకా కొట్టుకుపోయి టికెట్ లేకుండా రైలెక్కాయి.

కౌంటర్ వెనక నంతిని అనే పిల్ల కూర్చుని ఉంది.

"పారిస్ మ్యూజియమ్ పాస్ ఒకటి. రెండు రోజులది" అన్నాడు శర్విన్, కొత్తవాళ్ళతో ఇక్కడ మేమంతా మాట్లాడే తమిళంలో.

"రెండు రోజుల్లో ఎన్ని మ్యూజియమ్‌లు చూస్తారు?" అంది ఆ పిల్లా తమిళంలోనే.

"పదకొండు."

నంతిని అతని మొహం చూసింది. తర్వాత కౌంటర్ మీంచి వంగి అతని కాళ్ళు చూసింది. ఇంతలో ఫోన్ మోగింది. వాళ్ళ నాన్న తల్లి రాసమ్మ.

"మామ్మా, ఒకడొచ్చినాడు. రెండు రోజుల్లో పదకొండు మ్యూజియమ్‌లంట. అవి కాళ్ళా, సక్రాలా అని అడగాలనుంది" అంది తెలుగులో.

"కాళ్ళే. తొమ్మిదో నెంబరు సెప్పులు" అన్నాడు శర్విన్, తెలుగులోనే.

ఫోన్ జారి కౌంటర్ మీద పడింది.

"అయ్యో! తెలుగోడివా? ముందే సెప్పొచ్చు కదా లా!"

"సెప్తే తిట్టేదానివి కాదు కదా లా!"

ఇక్కడ ఏ భాషలో మాట్లాడినా చివర ఓ 'లా' తగిలిస్తాం లెండి. ఇక అక్కడి నుంచి యుద్ధం.

"నువ్వు దిగేది సోమారం. కొన్ని మ్యూజియమ్‌లు సోమారం మూసేస్తారు, కొన్ని మంగళారం మూసేస్తారు. పాస్ ఉన్నా కొన్నిటికి ముందే టైమ్ బుక్ సెయ్యాలి. మొదటి గుమ్మంలో పాస్ సూపించిన కాడి నుంచీ గంటలు తిరిగిపోతాయి. నువ్వు బెంచీ మీద కూకుని రొట్టి తింటున్నా ఆగవు. నాలుగు రోజులది తీసుకో."

"అమ్ముకోడానికి సెప్తున్నావా?"

"నీ మంచికి సెప్తున్నాను. రెండు రోజుల్లో పదకొండు సూస్తే బొమ్మలు గుర్తుండవు. టాయిలెట్లు గుర్తుంటాయి."

వాన తగ్గలేదు కనుక శర్విన్ రెండు గంటలు కూర్చుండిపోయాడు. పక్క కొట్టు నుంచి తే తారిక్, అదే మా నురగ టీ, రెండుసార్లు వచ్చింది. చివరికి నాలుగు రోజుల పాస్‌కి ఒప్పుకున్నాడు. నంతిని కంప్యూటర్‌లో ఫారం తీసింది. పేరు గడి నింపింది. పక్కన ఇంకో గడి ఉంది. ఇంటిపేరు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా ముత్తాతలు రబ్బరు తోటలకి వచ్చినప్పుడు తోట గుమాస్తా రాసుకున్నది మనిషి పేరు, తండ్రి పేరు, అంతే. ఇంటిపేరు వాళ్ళు చెప్పనూ లేదు, అతను అడగనూ లేదు. ఇప్పటికీ మా పాస్‌పోర్టుల్లో 'ఫలానావాడి కొడుకు' అని మలాయ్ భాషలో ఉంటుంది. ఇంటిపేర్లు చాలా ఇళ్ళలో మాసిపోయాయి.

"ఇంటిపేరు ఏటి?" అంది నంతిని.

"లేదు."

"తెలుగోళ్ళకి లేకపోడమేటి? పెద్దోళ్ళని అడిగి రా. ఈ గడి నింపకపోతే పాస్ రాదు."

ఈ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మౌస్‌ని తిరగేసి పట్టుకుందట. శర్విన్ అది చూశాడు గాని, వెర్రివాడు, ఏమీ అనుకోలేదు.

మర్నాడే కారేసుకుని తెలుక్ ఇంటాన్ వచ్చాడు. పైడిరాజు నా దగ్గరికి పంపాడు. నేను కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, పెదాలు కదిపి, "చింతాడ" అన్నాను. వాడు నా కాళ్ళకి దణ్ణం పెట్టి, అక్కడే నిలబడి నంతినికి మెసేజ్ కొట్టాడు.

జవాబు రాలేదు.

సోమవారం వడల పొట్లం పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. నంతిని తలెత్తలేదు.

"కూకో, అన్నయ్యా" అంది.

అన్నయ్యా! వడలు చేతిలోనే చల్లారిపోయాయి.

"మాదీ చింతాడే" అంది. "మామ్మ సెప్పింది. ఒకే ఇంటిపేరోళ్ళు అన్నాసెల్లెళ్ళు. ఏటి సేత్తాం? నీ పాస్ ప్రింట్ తీసేసినాను. తీసుకెళ్ళు."

"ఆ పాస్ నాకొద్దు" అని శర్విన్ లేచి వచ్చేశాడు.

రెండు రోజులకి నా వాకిట్లో తేలాడు. గడ్డం మాసి ఉంది.

"తాతా, ఇంటిపేరు మార్సుకోడానికి పూజ ఏదైనా ఉందా?"

"పారిస్ ఎప్పుడురా?"

"ఆదివారం. ఎల్లను. ఆ పిల్ల ఇచ్చిన పాస్ పట్టుకుని ఒక్కణ్ణీ ఏ గుమ్మంలోకి ఎల్లమంటావు?"

నోరు విప్పితే పెళ్ళిళ్ళలో కుర్చీ పోతుంది. విప్పకపోతే వీడు పోయేలా ఉన్నాడు. చొక్కా మార్చుకుని వాడి కారెక్కాను.

క్లాంగ్‌లో రాసమ్మ ఇంటికి వెళ్ళేసరికి నంతిని కూడా అక్కడే ఉంది. రాసమ్మ నాకంటే పెద్దది. ఒకప్పుడు మా తోటలోనే ఉండేది. "ఓరి తాతబాబూ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా!" అని కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"రాసమ్మప్పా, మీది చింతాడ అని నీకెవరు సెప్పినారు?"

"నువ్వే కదరా. మా పెద్దోడి పెళ్ళికి."

"ఈడికి సెప్పిందీ నేనే."

"అయితే?"

"నాకు తెలిసిన ఇంటిపేర్లు రెండే అప్పా. ఒకటి నాది. నాది పంచేస్తే నా పిల్లలకి సంబంధాలు దొరకవు. రెండోది మా బడి మాస్టారిది. అడిగినోళ్ళందరికీ అదే ఇచ్చినాను."

"ఎంతమందికి?"

"పదిహేడు ఇళ్ళకి."

రాసమ్మ చీపురు కోసం చూసింది. నా అదృష్టం, అది పెరట్లో ఉంది.

"ఓరి అబద్ధాలోడా! ఈడిదీ చింతాడే అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. మా మావా, ఈ పైడిరాజు తాతా తోటలో ఒకే కూలీల లైనింట్లో ఉండేవోరు. 'బావా' అంటే 'బావా' అనుకునేవోరు. బావలైనోళ్ళకి ఒకే ఇంటిపేరు ఎలాగుంటాది? నువ్వు పెద్ద పండితుడివి కదా అని నోరు మూసుకున్నాను."

శర్విన్ నంతిని వైపు చూశాడు. నంతిని నేల వైపు చూసింది.

"అయితే ఇప్పుడా గడిలో ఏటి రాయాలి?" అన్నాడు వాడు. చూశారా, ఇలాంటి వేళ వాడికి పాస్ గుర్తొచ్చింది!

"మీ నాన్న పేరు రాసేసినాను" అంది నంతిని నెమ్మదిగా. "ఎవరొచ్చినా అలాగే రాస్తాను. ఆ గడికి ఇంటిపేరు అక్కర్లేదు."

"మరి పాస్ రాదన్నావు?"

"ఏటనాలి మరి? నువ్వు నాకు ఏటవుతావో తెలుసుకోడానికి ఇంకెలాగ అడగాలి?"

నేను ఇందాక వద్దన్న కుర్చీలో కూర్చున్నాను.

"ఆ ఆదివారం టికెట్టు ఎనక్కి జరుపు" అంది రాసమ్మ మనవరాలితో. "ఇంకోటి కలిపి తియ్యి."

"పాస్‌పోర్టు ఇలా ఇయ్యి, బావా" అంది నంతిని.

పెళ్ళయ్యాక ఇద్దరూ వెళ్ళొచ్చారు. పదకొండు కాదు, అయిదు మ్యూజియమ్‌లు చూశారు. ఒకచోట నీలం రంగు ముందు వాడు గంటసేపు నిలబడితే, ఆ పిల్ల చెప్పులు విప్పి బెంచీ మీద కూర్చుని గంటలు తిరిగిపోతున్నాయని తిట్టిందట. పెళ్ళిలో నా కుర్చీ మూడో వరసలో, ఫ్యాన్ లేని చోట వేశారు. మిగతా పదిహేను ఇళ్ళవాళ్ళు ఇంకా నా కోసం వెతుకుతున్నారు.

ఇదంతా నిజమే. నేను కల్పించింది ఒక్కటే, అదీ చెప్పేస్తాను. వాన. ఆ శనివారం క్లాంగ్‌లో చుక్క పడలేదు. ఎర్రటి ఎండ, మల్లెపూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. శర్విన్ ఆ రెండు గంటలూ ఊరికే కూర్చున్నాడు.