హోమ్ దొరకని శుక్రవారాలు

"మీ మెషిన్‌కి బుర్ర లేదండీ. కరెంటు పోయొస్తే సాలు, తనెక్కడున్నాదో మర్సిపోతాది."

సర్వీస్ ఇంజినీరు ప్రిస్కిల్లాతో గోపి ఆడిన మొదటి మాట ఇది. నెల్లిమర్ల దాటాక, గోనె గుడ్డను సంచుల కొలతకు కోసే చిన్న షెడ్డు అతనిది. ఆమె విజయనగరం నుంచి వానలో స్కూటీ మీద వచ్చి, ఇంకా రెయిన్‌కోటు కూడా విప్పలేదు.

"మర్చిపోతుంది కాబట్టే హోమింగ్ పెట్టాం," అంది లాప్‌టాప్ తెరుస్తూ. "ఈ నెట్‌వర్క్ కేబుల్‌లో మోటారుని నడిపే డ్రైవర్ పెట్టెకి ఆర్డర్ వెళ్తుంది. కత్తి మెల్లగా వెనక్కి జరిగి, ఆ చివరనున్న సెన్సార్ కంటపడ్డ చోట ఆగుతుంది. అదే దానికి సున్నా. కొలతలన్నీ అక్కణ్ణించే. సున్నా తెలీకుండా పరిగెడితే మీ సంచులు దిండు గలీబులవుతాయి."

గోపికి కొలతల సంగతి బుర్రకెక్కలేదు. వానకి నుదుటికి అతుక్కున్న ఆమె ముంగురులు మాత్రం బాగానే ఎక్కాయి.

శ్రావణం వచ్చాక ప్రతి శుక్రవారం పొద్దున్నే తెర మీద 'హోమ్ దొరకలేదు' అని ఎర్రక్షరాలు పడేవి. గోపి ఫోన్ చేసేవాడు, ప్రిస్కిల్లా వచ్చేది. ఆమె వచ్చేసరికి మెషిన్ బుద్ధిగా పనిచేసేది. కేబుల్ మార్చింది, డ్రైవర్ సెట్టింగులు తిరగేసింది, వేగం తగ్గించింది. తప్పు దొరకలేదు గానీ, ఇద్దరికీ మాటలు కలిశాయి.

"మిమ్మల్ని సూస్తే దీనికి బయమండీ," అనేవాడు గోపి టీ గ్లాసు అందిస్తూ.

"మీకు లేదా మరి?"

"నాకూ ఉన్నాదండీ. బయటికి సూపించను."

ఆమె నవ్వేది. ఆ నవ్వుతో అతనికి వారం గడిచిపోయేది.

ఈ శుక్రవారం నవ్వలేదు. టీ కూడా వద్దంది.

"ఇకనుంచి మా సీనియర్ మోహనకృష్ణ గారొస్తారండీ. 'ఒక్క మెషిన్‌ని దారిలో పెట్టలేవు, ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తు' అన్నారు మా మేనేజర్ సార్. నా ఒక్కదానికే అప్పగించిన మొదటి మెషిన్ ఇది గోపీగారూ."

గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం కేబుల్ మీంచి లేవలేదు.

గోపి ఆలోచనలో పడ్డాడు. నిజం చెబితే ఈ అమ్మాయి మళ్ళీ తన మొహం చూడదు. చెప్పకపోతే ఆమె ఇష్టపడి చేస్తున్న పని పోతుంది. చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"తప్పు మెషిన్‌ది కాదండీ. మీది అసలే కాదు," అన్నాడు చివరికి. "మా అమ్మ శుక్రవారం పూజ సేసుకుని మెషిన్‌కి పసుపు రాసి బొట్టెడతాది. గుండ్రంగా ఉన్నాదని ఆ సెన్సార్ కంటి మీదే ఎడతన్నాది. మీరొచ్చేలోపు నేను రుమాలుతో తుడిసేత్తన్నాను."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండోసారి మీరొచ్చినప్పట్నుంచి."

"మరెందుకు చెప్పలేదు?"

"సెప్తే మీరు రారు కదండీ."

ప్రిస్కిల్లా ముక్కు ఎర్రబడింది. "తప్పు నాదేనని రోజూ నన్ను నేను తిట్టుకున్నాను. మీకిది ఆటగా ఉందా?"

"ఆట కాదండీ. మీరంటే నాకిష్టం. సెప్పడానికి దైర్యం సాల్లేదు. బుద్ది తక్కువ పని సేసాను."

ఆమె ఫోన్‌లో సార్‌ని కలిపి, స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చింది. "ఇప్పుడన్నదంతా ఆయనకి చెప్పండి."

గోపి తలొంచుకుని చెప్పాడు. పసుపు, బొట్టు, తన రుమాలు, ఏదీ దాచలేదు.

"తుడిచి ఊరుకోవడమెందుకయ్యా?" అన్నాడాయన.

"ప్రిస్కిల్లా గారు మళ్ళీ రావాలని సార్."

అవతల నుంచి పొడిదగ్గొకటి. "అమ్మా ప్రిస్కిల్లా, ఆ సెన్సార్‌కి మూత బిగించి రిపోర్ట్ పంపు. మోహనకృష్ణని పంపన్లే. ఆ మెషిన్ నీదే."

ఆమె సెన్సార్ అంచున మిగిలిన పసుపును గుడ్డతో తుడిచి, లాప్‌టాప్‌లో హోమింగ్ నొక్కింది. కత్తి మెల్లగా వెనక్కెళ్ళింది. సెన్సార్ దగ్గర ఆగి, కాస్త ముందుకొచ్చి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ వెళ్ళి నిలిచింది. తెర మీద సున్నా పడింది. ప్రిస్కిల్లా ఊపిరి వదిలింది.

"ఒరే గోపీ!"

గుమ్మంలో గోపి తల్లి తాయారు, చేతిలో శనగల గిన్నెతో నిలబడి ఉంది. ఫోన్ మాటలన్నీ ఆవిడ చెవిన పడ్డాయి.

"పిల్ల మీద మనసుంటే నోరిప్పి సెప్పాల గానీ, దాని నోటికాడ కూడు తీసేత్తావేట్రా?" అని కొడుకుని కడిగేసి, ప్రిస్కిల్లా వైపు తిరిగింది. "అది కన్నని నాకు తెలవదమ్మా. ఇకనించి పక్కనెడతాను. ఇయి తిను. మీరు సర్చికెళ్ళేవోళ్ళు గదా, దేవుడికాడ ఎట్టినవి కావు. నీకని ఇడిగా నానేసినాను."

ప్రిస్కిల్లా కోపం అక్కడ కరిగింది. గిన్నె అందుకుని, గోపి వైపు చూడకుండా రెండు గింజలు నోట్లో వేసుకుంది.

"మెషిన్ ఆగితేనే రావాలని ఏటున్నాది? ఉత్తినే రామ్మా," అంది తాయారు.

"ఆదివారం చర్చి అయ్యాక వస్తానండీ. అమ్మని కూడా తీసుకొస్తాను."

"అమ్మగారెందుకండీ?" అన్నాడు గోపి గాభరాగా.

ప్రిస్కిల్లా అప్పుడు చూసింది అతని వైపు. "మీరు చేసిందంతా ఆవిడకి కూడా చెప్పండి. ఆ ఇష్టమన్న మాట మాత్రం కాస్త గట్టిగా చెప్పండి."