పారతెరలో లోపం

2089 నాటికి నీలరేవులో ఓడలు నడిపే పైలట్ల ముందు వేరే స్క్రీన్లు లేవు. ఎదుటి అద్దమే స్క్రీన్. వేగం, లోతు, గాలివాటు, ఎదురొచ్చే ఓడల పేర్లు నీలి అక్షరాలై సముద్రం మీదే తేలేవి. దాన్ని పారతెర అనేవారు. పైలట్ కంటిపాపను కనిపెట్టి, అతను చూసే చోట అక్షరాలు పల్చబడేవి. ప్రమాదముంటే మాత్రం దాని చుట్టూ ఎర్రగీత వెలిగేది. చూపుకు అడ్డం రాకుండా చూపును నడిపించడమే దాని పని. వకుళాదేవి పదకొండేళ్లు ధారపోసి దాన్ని రూపొందించింది.

ఒక ఉదయం సన్యాసినాయుడు నడుపుతున్న సరుకు ఓడ చెక్కతెప్పను గుద్దింది. తెప్ప మీది ముగ్గురూ ఈదుకుంటూ బయటపడ్డారు కానీ, ఒకడి చెయ్యి విరిగింది. మంచు లేదు, ఎండ కాస్తోంది. వకుళాదేవి రికార్డు తెరిచి చూసింది. చెక్కతెప్ప రాడార్‌కు అందలేదు. ఎర్రగీత వెలగలేదు. అయితే నాయుడి చూపు తొమ్మిది సెకన్లపాటు సరిగ్గా ఆ తెప్ప మీదే ఉంది!

"ఎదురుగానే ఉంది కదా నాయుడుగారూ, కనబడలేదా?"

ముప్ఫై ఏళ్లుగా ఓడలు నడిపిన ఆ మనిషి తల దించుకున్నాడు. "కనబడ్డాదమ్మా. గీత ఎలగనేదు. గీత నేదంటే అక్కడేటీ నేదనుకున్నాను."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ప్రయోగశాలకు తిరిగొచ్చి ఆ తొమ్మిది సెకన్ల రికార్డును మళ్లీ తెరిచింది.

"రాడార్ శక్తి పెంచుదామా?" అని అడిగింది అక్కడి యంత్రం, మేధ.

"పెంచితే తెరను ఇంకా నమ్ముతారు. సముద్రాన్ని చూడటం పూర్తిగా మానేస్తారు. నువ్వో పని చెయ్యి. రోజుకు కొన్నిసార్లు, ఎప్పుడన్నది నాక్కూడా చెప్పకుండా, తెరను కాసేపు ఆర్పెయ్."

"అది లోపం అవుతుంది."

"అవుతుంది. కానియ్."

రేవు అధికారి ఒక్కడికే సంగతి చెప్పి ఒప్పించింది. పైలట్ల ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఏడాది గడిచినా ఒక్క ఓడా దేన్నీ తాకలేదు.

చివరికి నాయుడే వచ్చాడు. "అమ్మా, తెర ఎప్పుడారిపోద్దో తెలీక రెప్పెయ్యకుండా సముద్రంకేసే సూత్తన్నాం. తల దిమ్మెక్కిపోతంది. ఎప్పుడు బాగు సేత్తారు?"

వకుళాదేవి అతని కళ్లలోకి చూడలేకపోయింది. "ఎంత వెతికినా కారణం దొరకడం లేదు నాయుడుగారూ."

నాయుడు నిట్టూర్చి లేచాడు.

"సర్లెండమ్మా. అది బాగయ్యేదాకా మేవే సూసుకుంటాం."